మల్లెలకు వేసిన లాకు

మార్చి 8

అల్లుడు మధుసూదనరావు వచ్చాడు. వచ్చినవాడు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి తల గోక్కుంటుంటే ధాన్యం రేటు పడిపోయిందేమో అనుకున్నాను. "మావయ్యగారూ, మీ అమ్మాయికి మూడో నెలండీ," అన్నాడు.

తరవాత నేనేం చేశానో నాకు సరిగా తెలియదు. నేను "కాఫీ, కాఫీ" అని కేకలు పెట్టి, అల్లుడి చేతిలో సంచీ లాక్కుని, తీసుకెళ్ళి తులసికోట మీద పెట్టానని మా ఆవిడ రావమ్మ అంటోంది. పెట్టే ఉంటాను. పెళ్ళయిన పదకొండేళ్ళకి మా రత్నకుమారి నీళ్ళోసుకుంటే సంచీ ఎక్కడ పెట్టానో చూసుకుంటానా!

ఈ డైరీ కూడా అల్లుడు ఇచ్చిందే. ఎరువుల కొట్టువాళ్ళు పంచిపెట్టారట. నేను చదివింది ఐదో తరగతి. లాకుల దగ్గర లస్కరుగా తలుపులు తీస్తూ వేస్తూ ఉన్నంతకాలం కాలవలో నీటి మట్టం తప్ప మరోటి రాసి ఎరగను. ఇవాళ మాత్రం రాయకపోతే ఊపిరాడేట్టు లేదు.

ఐదో నెలలో పూలముడుపు మా ఇంట్లోనే. అల్లుడు ఒప్పుకున్నాడు. ఆ తరవాత పురిటిదాకా పిల్లని ఇక్కడే ఉంచమని రావమ్మ అడిగింది. దానికి అతను కిటికీలోంచి తన ఊరు నందివాడ కనిపిస్తున్నట్టు దూరంగా చూసి, "ముడుపుకి మా అమ్మ వస్తుంది గదండీ. పిల్ల కుదురుగా తింటూ తిరుగుతూ ఉంటే వదిలి వెళ్తుంది. చిక్కిపోయి కనిపించిందో, ఆ సాయంత్రమే రైలెక్కించేస్తుంది," అన్నాడు.

చిక్కిపోవడమా! మా ఇంట్లోనా!

వేవిళ్ళు కాస్త ఎక్కువేనట. ఎవరికి ఉండవు?

ముడుపుకి ఒక్క పువ్వు కూడా కొనను. నడినెత్తి నుంచి జడ కొస దాకా మా తోట మల్లెలే.

మార్చి 9

మల్లె పొదలన్నిటికీ ఆకు దూసేశాను. గోడ వారనున్న గుండుమల్లెలు, పందిరి మీది తీగమల్లె, నూతి దగ్గర సన్నజాజి, దేన్నీ వదలలేదు. నీళ్ళు కూడా ఆపేశాను. రావమ్మ బయటికి వచ్చి, ఆ పుల్లల్ని చూసి, "మనవడు పుడతాడన్న సంతోషంలో మొక్కల్ని చంపుతారా ఎవరైనా?" అంది.

ఆవిడకి నీటిపారుదల గురించి తెలియదు. లాకు తలుపులు వేశామంటే నీళ్ళు ఎగదన్ని నిలబడతాయి. తీశామంటే ఒక్కసారిగా దూకుతాయి. మొక్కలో ఉండే సత్తువ కూడా అంతే. ఇప్పుడు బిగబట్టి ఉంచితే ముడుపు నాటికి తలుపు తీయొచ్చు. నా సర్వీసులో ఒక్క లాకూ నన్ను మోసం చెయ్యలేదు.

మార్చి 17

వెంకాయమ్మతో చిన్న మాట తేడా వచ్చింది.

ఈ వీధిలో ఉన్న ఆనవాయితీ ఏమిటంటే, వేసవిలో ఆడవాళ్ళు మంచినీళ్ళ చెరువు నుంచి వస్తూ తలా ఒక బిందె నా మొక్కలకి పోస్తారు. మా నూతి నీళ్ళు ఉప్పన, బందరులో ఏ నుయ్యి కాదు గనక. ఆ నీళ్ళకి బదులు సాయంత్రం వచ్చి మొగ్గలు కోసుకుంటారు. ఎదురింటి వెంకాయమ్మ దీనికి పెద్ద. ఎవరు ఏ వరస కొయ్యాలో ఆవిడే చెప్తుంది, నా తోటలో!

ఇవాళ బిందెతో వస్తుంటే గేటు దగ్గర ఆపాను. "అమ్మాయ్, ఈ ఏడు నీళ్ళూ వద్దు, కోతా వద్దు. మొక్కకి పరాయి చెయ్యి పడితే అలుగుతుంది. మా రత్నం ముడుపు అయ్యాక చూద్దాం," అన్నాను. ఎంతో మర్యాదగా అన్నాను.

"అలిగేది మొక్కేనా బాబాయ్?" అంది. బిందెడు నీళ్ళూ నా ఎదురుగానే తన కనకాంబరం మడిలో పోసేసి లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 18

వెంకాయమ్మ మాట్లాడలేదు.

మార్చి 19

వీధిలో ఎవరూ మాట్లాడలేదు. ప్రశాంతంగా ఉంది.

మార్చి 29

శ్రీరామనవమి. పందిరి వాళ్ళు పూలకి వచ్చారు. తొందరపడి ముందే విచ్చిన మొగ్గలు కొన్ని ఉంటే దోసెడు ఇచ్చాను. "ఇంతేనా పున్నయ్యగారూ?" అన్నారు. రాముడికి ఊరంతా ఇస్తుంది. మా రత్నానికి నేనొక్కడినే ఇవ్వాలి. ఈ సంగతి రాముడికి అర్థమయ్యే ఉంటుంది, ఆయనా తండ్రే.

సాయంత్రం మొక్కలకి నీళ్ళు వదిలాను. అంటే తలుపు తీశానన్నమాట.

ఏప్రిల్ 6

కాలవలకి నీళ్ళు కట్టేశారు. చెరువు నుంచి కావడి వేసుకుని నేనే నీళ్ళు మోస్తున్నాను. భుజం వాచింది. వీధి అరుగుల మీద ఆడవాళ్ళంతా కూర్చుని చూస్తున్నారు. ఒక్కరు కూడా చెయ్యి వెయ్యలేదు. వెయ్యమని నేను అడగనూ లేదు.

అయినా ఆ చిగుళ్ళు! పుల్లలన్నీ పచ్చబడ్డాయి. ప్రతి చిగురు కొసనా ఆవగింజంత మొగ్గ. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మొగ్గే.

ఏప్రిల్ 12

ఈ తోట గురించి రాయాలంటే నాకు వచ్చిన తెలుగు చాలదు.

పొద్దున లేచి చూస్తే నందివర్ధనాలు తెల్లగా ఉతికి ఆరేసినట్టున్నాయి. మందారం ఒక్కో పువ్వూ అరచేతికి మించి ఉంది. సాయంత్రం నీళ్ళు చల్లగానే మట్టి వాసన లేస్తుంది, దాని వెనకే మరువం, దాని వెనక దవనం. చంద్రకాంతలు ఎండ తగ్గడం చూసుకుని, ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళలా అన్నీ కలిసి విప్పుకుంటాయి. రాధామనోహరం గుత్తి తెల్లగా పూస్తుంది, మర్నాటికి సిగ్గుపడుతుంది, ఆ మర్నాటికి ఎర్రబడిపోతుంది. ఇక మల్లెలు! ఆకు కనబడడం లేదు. గుండుమల్లె మొగ్గలు ముత్యాలని రాద్దామనుకున్నాను. కానీ ఇంత లావు ముత్యాలు ఎక్కడున్నాయి? సగ్గుబియ్యం ఉడికినట్టున్నాయి.

దోసెడు మల్లెల్లో ముఖం పెట్టుకుని పందిరి కింద కూర్చున్నాను. రావమ్మ చూసి తలుపు వేసుకుంది.

అమ్మాయి వచ్చేది ఇంక ఐదారు రోజుల్లో. అన్నీ లెక్క ప్రకారం నడుస్తున్నాయి.

ఏప్రిల్ 17

రత్నం వచ్చింది! గేటు తీసేటప్పటికి దీపాలవేళ. సరిగ్గా ఆ వేళకే మల్లెలు విచ్చుకున్నాయి, అన్నీ, ఒక్కసారే! నా లెక్క చూశారా! నీళ్ళు దూకినట్టు దూకింది వాసన. పిల్ల అరుగు దాకా వచ్చి, "నాన్నా," అని నవ్వి, నూతి దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది.

రైలు పొగ పడలేదు.

ఏప్రిల్ 18

రాత్రీ తినలేదు, పొద్దునా తినలేదు. రావమ్మ వేసిన తిరగమోత ఘాటు. ఇంగువ మానెయ్యమన్నాను.

సాయంత్రం దాని మనసు కుదుటపడాలని తలదిండు చుట్టూ విచ్చిన మల్లెలు పేర్చాను. మంచినీళ్ళ కుండలో గుప్పెడు మొగ్గలు వేశాను. చల్లగా, కమ్మగా ఉంటాయి.

ఏప్రిల్ 19

మంచినీళ్ళు కూడా తాగడం లేదు. సీమోను చుట్టే కారణం. సీమోను లాకుల మీద నాతో పనిచేసినవాడు, రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద చుట్ట కాలుస్తాడు. ఇవాళ లేచి వెళ్ళమన్నాను. "బావా, నేను చుట్ట ఇంకా ముట్టించలేదు," అన్నాడు. అయినా జేబులో ఉంది కదా.

ఏప్రిల్ 20

గోడలకి వేసిన సున్నం వాసన కావచ్చు. నిరుడు వేయించింది.

అమ్మాయి ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వంటింటి వెనక కట్టెల గదిలో పడుకుంటోంది. అక్కడ గాలి బాగుంటుందట. కట్టెల గదికి కిటికీ లేదు. తోటలో నుంచి ఒక బుట్టెడు పూలు తీసుకెళ్ళి అక్కడ పెడదామని వెళ్తుంటే రావమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

ఏప్రిల్ 21

రావమ్మ చెప్పింది. మెల్లగా ఏం చెప్పలేదు.

"మీరు కళ్ళు మూసుకుని తిరుగుతున్నారా? పిల్లకి మల్లెవాసన పడడం లేదు. మూడో నెల నుంచీ అంతే. అక్కడ వాళ్ళత్తగారి పెరట్లో ఒక్క పొద కూడా లేదు గనక సరిపోయింది. వచ్చిన పూటే నాకు చెప్పింది. మీకు చెప్తే తన మీద ఒట్టేనంది. ఇంక నా వల్ల కాదు. చూడండి దాని చెంపలు!"

చూశాను. రోజూ చూస్తూనే ఉన్నాను. ఇవాళ చూశాను.

"చెప్పవేమే తల్లీ?" అన్నాను.

"ఎలా చెప్పను నాన్నా? భుజం వాచేలా నీళ్ళు మోశావట. ప్రతి పొదా తెచ్చి చూపించినట్టు వివరంగా చెప్తున్నావు. నాలుగు రోజులు ఓర్చుకుంటే పోతుందనుకున్నాను," అని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "ఆ కుండలో కూడా వేశావు చూడు..."

గొడ్డలి తీసుకుని దొడ్లోకి వెళ్ళాను. గుండుమల్లె మొదలు మీద ఒక్క దెబ్బ వెయ్యబోతుంటే అమ్మాయి తడిగుడ్డ కట్టుకునే వచ్చి చెయ్యి పట్టుకుంది. "మొక్కని కొడితే ఇవాళే నందివాడ వెళ్ళిపోతాను. వాసన వచ్చేది విచ్చాక గదా. మొగ్గలు విచ్చకముందే కోసేస్తే పోలా?" అంది.

నా కూతురు ఎంత తెలివిగలదో!

ఏప్రిల్ 22

తెలివి సరే. కొయ్యడానికి చేతులు?

ఎండవేళ నుంచి నేనూ సీమోనూ కోస్తూనే ఉన్నాం. (వాడికి క్షమాపణ చెప్పాను. "చుట్ట కాల్చుకోనిస్తావా లేదా అది చెప్పు," అన్నాడు.) ఒక పొద అయ్యేసరికి నడుము పట్టేసింది. పందిరి మీద సగం కూడా కాలేదు. పొద్దు వాలింది. మిగిలినవన్నీ, నేను పెంచినవే, నా ముఖం ముందే కళ్ళు తెరిచినట్టు తెరిచాయి. కోసిన బుట్టలు గోతిలో పూడిస్తే వాటి వాసన మట్టిలోంచి వచ్చింది.

అమ్మాయి గుక్కెడు మజ్జిగ తాగింది. అదీ నిలవలేదు. రత్నం వాళ్ళత్తగారు అనసూయమ్మగారు రావడానికి వారం కూడా లేదు.

సీమోను గట్టు మీద కూర్చుని, "నీళ్ళు నిలబెట్టడం బాగానే నిలబెట్టావు బావా. మిగులు నీళ్ళు పోవడానికి తూము పెట్టుకోవద్దూ?" అన్నాడు. ఉద్యోగంలో నా కింద పనిచేసిన మనిషి!

తూము ఎక్కడుందో నాకు తెలుసు. ఎదురింట్లో ఉంది.

ఏప్రిల్ 23

వెళ్ళాను. మూడుసార్లు గేటు దాకా వెళ్ళి చెప్పులో ముల్లు తీసుకుంటున్నట్టు వంగి వెనక్కి వచ్చాను. నాలుగోసారి వెంకాయమ్మే అరుగు మీద నుంచి, "ఆ ముల్లేదో ఇక్కడ కూర్చుని తీసుకో బాబాయ్," అంది.

కూర్చున్నాను. చెప్పాను. ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నాను. కాలవలు ముందే కట్టేశారన్నాను. తరవాత అసలు సంగతి చెప్పాను.

"అయితే ఇప్పుడు మా చెయ్యి పడితే మొక్కలు అలగవా?"

"అలగవమ్మా."

"నిజంగా?"

"ఆ మాట అన్నది మొక్కలు కాదు, నేను."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. ఇంక నా ముఖం మీద తలుపు వేస్తుందనుకున్నాను. చాటంత బుట్ట తీసుకుని వచ్చి, "కడుపుతో ఉన్న పిల్ల అయిదు రోజులుగా తినకపోతే ఇప్పుడా చెప్పడం? లే!" అని నన్నే కసిరింది. వీధి మధ్యలో నిలబడి కేకేసింది. అన్ని గుమ్మాల్లోంచీ బుట్టలు వచ్చాయి.

మండుటెండలో తోట నిండా ఆడవాళ్ళు. వెంకాయమ్మ ఎప్పట్లా వరసలు పంచిపెట్టింది. పొద్దు వాలేటప్పటికి పొదల మీద ఆకులు తప్ప మరేం లేవు. ఒక్క మొగ్గ నా కంటికి చిక్కలేదు. చీకటి పడ్డా తోటలో మట్టివాసన, మరువం వాసన. అంతే.

రాసుకోవలసింది ఇంకోటుంది. వెళ్ళేటప్పుడు వెంకాయమ్మ కూతురు నాలుగు మొగ్గలు జడలో దోపుకోబోయింది. వెంకాయమ్మ చేతి మీద ఒక్కటేసింది. "అవి పెట్టుకుని రేపు రత్నం దగ్గరికి వెళ్తావుటే? గాలి ఇటు నుంచి అటు తిరిగితే? ఈ ఏడు మన వీధిలో ఎవరి తలలోనూ మల్లెపువ్వు ఉండడానికి వీల్లేదు." ఎవరూ మారుమాట్లాడలేదు. వైశాఖమాసంలో, ఊరంతా మల్లెలు పెట్టుకుని తిరిగే రోజుల్లో!

నేను పూలు ఇవ్వనన్నప్పుడు ఈ వీధి నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ నేను అడగకుండానే వాళ్ళంతట వాళ్ళే మానేశారు. తలా ఒక కొబ్బరికాయ ఇచ్చాను. రావమ్మ, "అవి పచ్చడికి తెచ్చినవండీ," అంది.

అమ్మాయి పెరుగన్నం తింది. నిలిచింది. నిలిచింది!

ఏప్రిల్ 25

మొగ్గలు వీధి దాటించే పని సీమోనుది. మొదటిరోజు స్టేషనులో గుడివాడ బండి ఎక్కే ఆడవాళ్ళకి ఊరికే ఇవ్వబోయాడట. పెద్ద మీసాలవాడు మల్లెపూలు ఊరికే ఇస్తానంటే ఎవరు తీసుకుంటారు! ఒకావిడ పోలీసుని పిలిచిందట. ఇప్పుడు స్టేషను బయట పూలు అమ్ముకునే ముసలావిడ బుట్టలో పోసి వస్తున్నాడు.

మాలలు కట్టడానికి నన్నూ కూర్చోబెట్టారు. అరటినార నా వేళ్ళకి లొంగదు. పడవ తాళ్ళు కట్టిన చేతులు ఇవి. వెంకాయమ్మ నా మాల ఎత్తి చూపించి, "ఇదేమిటి బాబాయ్, దూడని కట్టెయ్యడానికా?" అంది. వీధంతా నవ్వింది. రత్నం కిటికీలోంచి అందరికంటే గట్టిగా నవ్వింది. నేనింక రోజూ ఇలాగే కడతాను.

ఏప్రిల్ 27

అమ్మాయి రెండుసార్లు మారు వడ్డించుకుంది. గోంగూర అడిగింది. చెంపలు తేరుకున్నాయి. రేపే ముడుపు. వాసన లేని పూలు కావాలి గనక కనకాంబరాలతో జడ కుడదామని రావమ్మ అంటే, వెంకాయమ్మ తన మడి మొత్తం కోసి తెచ్చి పోసింది.

ఏప్రిల్ 28

ఇవాళ్టి సంగతి వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం ఉండదు.

అనసూయమ్మగారు పొద్దుటి బండికి దిగారు. గుమ్మంలోకి వస్తూనే చేతిలో పెద్ద అరటాకు పొట్లం విప్పారు. "స్టేషను బయట ముసలావిడ నిన్నటి పూలే చవగ్గా ఇస్తానంది, మంచుముక్కల మీద ఉంచిందట, చూడండన్నయ్యగారూ, ఎంత బలిసిన మొగ్గలో! మా గుడివాడ వైపు ఎన్నడూ చూడలేదు. మొగ్గలు బంగారం గానీ, ఈ మాల కట్టినవాడి చేతులు విరగ్గొట్టాలి. నా కోడలికి నా చేత్తోనే ముడుస్తాను."

ఆ ముడి నాది. ఎక్కడున్నా గుర్తుపడతాను. వీధిలో ఆడవాళ్ళంతా నా చేతుల వంక చూశారు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

పీట మీద కూర్చున్న రత్నం ముఖం అప్పుడే తెల్లబడుతోంది. ఆ పూలు జడకి ఎక్కాయంటే పీట మీదే వాంతి, సాయంత్రం నందివాడ. వద్దంటే వియ్యపురాలు తెచ్చిన పూలు కాదన్నట్టు.

వెంకాయమ్మ ముందుకు వచ్చింది. "పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. మా బందరులో ఐదో నెల ముడుపుకి మల్లెలు పనికిరావండీ."

"పనికిరావా? ఎవరు చెప్పారమ్మా?"

"ఆనవాయితీ అండీ."

అనసూయమ్మగారు ఆనవాయితీ అంటే చెప్పులు విడిచే మనిషి. ఆగిపోయారు. రావమ్మ వెంటనే, "అవును వదినగారూ, మా అమ్మమ్మ నాటి నుంచీ అంతే. కనకాంబరాలే," అంది. (రావమ్మ అమ్మమ్మది అవనిగడ్డ. బందరు చూసి ఎరగదు.) పక్కింటావిడ మల్లెలకి పాములు వస్తాయంది. ఇంకొకావిడ పాములు కాదు, పిల్లవాడు తెల్లవాళ్ళ దేశం వెళ్ళిపోతాడంది. అరుగు మీద నుంచి సీమోను కూడా, "మా లాకుల మీద కూడా అంతేనండి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నా జన్మలో ఇంతమంది ఇంత గంభీరంగా అబద్ధం చెప్పడం చూడలేదు.

అనసూయమ్మగారు అందరి తలల వైపూ ఒకసారి చూశారు. మల్లెల రోజుల్లో ఒక్క జడలోనూ పువ్వు లేదు. "సరే, ఊరి ఆచారం," అని పొట్లం మూసి సీమోను చేతికిచ్చారు. సీమోను దాన్ని పట్టుకుని వీధి చివరికి పరిగెత్తాడు.

కనకాంబరాల జడలో మా రత్నం! నడినెత్తి నుంచి కొస దాకా ఎర్రగా, నిప్పుల వరసలా! గాజులు తొడిగారు, పసుపు రాశారు, పాటలు పాడారు. పిల్ల పులిహోర రెండుసార్లు వేయించుకుంది. మూడోసారి వాళ్ళత్తగారే వేశారు.

ఏప్రిల్ 29

అనసూయమ్మగారిని బండి ఎక్కించడానికి వెళ్ళాను. ఒక్కరే వెళ్తున్నారు! ఒక్కరే!

ప్లాట్‌ఫారం మీద, "అన్నయ్యగారూ, ఆ ఆనవాయితీ ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు.

"చాలా కాలం నుంచమ్మా."

"అంటే మొన్నటి నుంచా, అటు మొన్నటి నుంచా?"

బండి వస్తోందేమోనని పట్టాల వైపు చూశాను. రావడం లేదు.

"మీ పెరట్లో అన్ని పొదలు, ఒక్కదానికీ మొగ్గ లేదు. వాటికి మాత్రం గిల్లిన తొడిమలు ఇంకా పచ్చిగా ఉన్నాయి," అన్నారు. "మధు కడుపులో ఉన్నప్పుడు నాకు కాచిన నెయ్యి వాసన పడేది కాదు. మా అత్తగారు రోజూ నెయ్యి కాచేవారు, కోడలు తినాలని. చెప్పడానికి నాకు ధైర్యం లేదు, వినడానికి ఎవరూ లేరు. మీ వీధిలో ఆ సంగతి వినేవాళ్ళు ఇంతమంది ఉన్నారు. పురిటిదాకా పిల్లని ఇక్కడే ఉండనివ్వండి." ఆ తరవాత, బండి ఎక్కుతూ, "అన్నయ్యగారూ, ఆ మాల కట్టింది మీరే గదూ?" అన్నారు.

ఇంటికి నడిచి వచ్చానో, ఎగిరి వచ్చానో తెలియదు. వచ్చేసరికి ఆడవాళ్ళు కోసుకుని వెళ్ళిపోయారు. రత్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పందిరి కిందే చాప మీద నిద్రపోతోంది, ముక్కుకి గుడ్డ లేకుండా. పక్కన కూర్చుని విసురుతూ చూశాను. పందిరి మీద గానీ, గోడ వార గానీ, నూతి దగ్గర గానీ ఒక్క మల్లెపువ్వు లేదు. నేను ఈ తోట వేసిన నాటి నుంచీ ఇంత బాగా పూసిన ఏడు మరోటి లేదు.